కరవు చిత్రమును చదువువారెవరు?

2025 జూలై 30వ తేదీన శ్రీహరికోట నుండి నైసార్ అను ఉపగ్రహము నింగికెగసినది. భారత, అమెరికా దేశముల అంతరిక్షసంస్థలు కలిసి నిర్మించిన ఈ యంత్రము రాత్రియనక పగలనక, మేఘము అడ్డమున్నను లెక్కసేయక, పండ్రెండు దినములకొక పర్యాయము భూమిని పరికింపగలదు. దేశమంతటను హర్షము వెల్లివిరిసినది. అది న్యాయమే. తెలుగుతీరము నుండి లేచిన ఉపగ్రహమది. కాని ఆ హర్షము నడుమ అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది. ఆ కన్ను విడపనకల్లు నల్లరేగడి మీదుగా పోవునపుడు తీసిన చిత్రమును చదువువారెవరు? చదివి, ఇచ్చట కరవున్నది, అచ్చట లేదు అని చెప్పువారెవరు? వారిలో ఈ మెట్టచేల నడుమ పుట్టి పెరిగినవారెందరు?

ఇది ఊరక వేసిన ప్రశ్న కాదు. అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డుకొనగా మిగిలినదే మన వంతు. ఆ మిగిలినదైనను అదనునకు కురియదు. విత్తునాడు మురిపించి, పూతనాడు మొగము చాటుచేయుట ఈ సీమ వాన స్వభావము. విడపనకల్లు రేగడిలో పత్తి, మిరప, శనగ. జిల్లాలోని ఎర్రనేలలలో వేరుసెనగ. తుంగభద్ర ఎగువకాలువ నీరు అందిన రైతు ఒకడు, అందనివాడు వేరొకడు. ఇరువురి చేలకు నడుమ నున్నది ఒక్క గట్టు మాత్రమే. ఇట్టిచోట కరవు వచ్చినదా, రాలేదా యను నిర్ణయము వేలకుటుంబముల అన్నమునకు సంబంధించినది. అప్పువాయిదా, విత్తనసాయము, పన్ను మినహాయింపు, ఉపాధిపని, పశుగ్రాసము అన్నియు ఆ నిర్ణయమునే ఆశ్రయించి యుండును.

పూర్వము ఆ నిర్ణయము కరణము అడంగలులో వ్రాసినదానిని బట్టియు, తాసీల్దారు కంటికి తోచినదానిని బట్టియు జరుగుచుండెను. నేడట్లు కాదు. 2016 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన కరవు నిర్వహణ నియమావళి ప్రకారము మొదట వానలెక్క చూడవలెను. పిమ్మట విత్తిన విస్తీర్ణము, నేలలోని తేమ, జలాశయముల స్థితి, వీనితోపాటు ఉపగ్రహచిత్రములు తెలుపు పచ్చదనపు సూచికలు పరిగణింపవలెను. పంటబీమాయందును ఇదే త్రోవ. 2023 ఖరీఫు నుండి వరి, గోధుమ పంటల దిగుబడి నిర్ణయమున నూటికి 30 పాళ్ల భారము ఉపగ్రహాది సాంకేతికపద్ధతుల అంచనాకు ఇయ్యబడినది. నేడు వరికి వచ్చినది రేపు వేరుసెనగకు రాదని యెవరు చెప్పగలరు? కాగా మన గతిని వ్రాయు కలము కచ్చేరి నుండి ఆకాశమునకు ఎక్కినది. ఆ కలము పట్టువారు మనలో లేరు.

ఈ చిత్రము మన ఇంటి గోడమీది ఫోటోవంటిది కాదు. పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎర్రని వెలుగును త్రాగివేయును. కంటికి కానరాని పరారుణ కాంతిని త్రిప్పికొట్టును. ఆకు వాడిన కొలది ఈ రెండింటి నడుమ నున్న భేదము తగ్గును. ఉపగ్రహము ఈ రెండు కాంతులను వేర్వేరుగా కొలిచి పంపును. ఆ కొలతల తేడాను వాని మొత్తముచే భాగించి, మైనస్ ఒకటి నుండి ప్లస్ ఒకటి వరకు నుండు అంకెను రాబట్టుదురు. దానినే పచ్చదనపు సూచిక యందురు. చిత్రమనగా నిట్టి అంకెల పట్టిక. దానికి రంగులు పూయుట సులభము. అర్థము చెప్పుటయే కష్టము.

ఎట్లు కష్టమో మన పొలములోనే చూడుడు. ఉపగ్రహచిత్రము పిక్సెలు అను చుక్కల కూర్పు. 250 మీటర్ల చుక్క యనగా సుమారు 15 ఎకరములు. అయిదెకరముల రైతు ఆ చుక్కలో మూడవపాలు మాత్రమే. ఆ చుక్కలో కాలువనీటి మిరప కొంత, ఎండిన శనగ కొంత యున్నచో, సగటు తీసిన అంకె ‘ఫరవాలేదు’ అనును. ఎండిన చేను గలవాని కన్నీరు పొరుగువాని పచ్చదనములో కలిసిపోవును. 10 మీటర్ల చుక్కలతో తీయు చిత్రములందు ఎకరమునకు నలువది చుక్కలు వచ్చును గనుక ఈ దోషము తగ్గును. కాని ఇతరదోషములు తీరవు.

వేరుసెనగను గైకొనుడు. దాని ఆకు నేలమీద, కాయ నేలలోపల. ఊడలు దిగు దశలో వాన లేకపోయినచో కాయ పట్టదు. ఆపైన ఆలస్యముగా ఒక వాన కురిసెనా, ఆకు మరల పచ్చబడును. పై నుండి చూచు కంటికి చేను కళకళలాడును. పెరికి చూచిన రైతు చేతికి లొటలొటలాడు బొట్టె దక్కును. సర్కారు తుమ్మను గైకొనుడు. బీడువడిన చేలలో అది యెండకాలమునను పచ్చగానే యుండును. చేను బీడైన కొలది చిత్రము పచ్చబడుట కంటె విపరీతమేమున్నది? ఇక నేలరంగు. ఒకే దట్టముగల పైరు ఎర్రనేలమీద ఒక అంకెను, నల్లరేగడిమీద అంతకంటె హెచ్చు అంకెను చూపవచ్చును. ఈ దోషమును సవరించు సూత్రములను శాస్త్రజ్ఞులు 1988 నుండియు చెప్పుచున్నారు. కాని ఏ గట్టు దగ్గర ఎర్రనేల ముగిసి రేగడి మొదలగునో ఎరిగినవాడు లేక ఆ సూత్రము ఏమి చేయగలదు?

ఇరువది యేండ్లుగా సాక్షులను ప్రశ్నించుచున్న నాకు ఈ సంగతి ఒక రీతిగా తోచుచున్నది. ఏ సాక్షియు ప్రతివాది ప్రశ్నలకు నిలువక ప్రమాణము కానేరడు. ఛాయాపటము తనంతట తాను మాటలాడదు. దానిని తీసినవాడో, ఎరిగినవాడో నిలువబడి రుజువు చేయవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ పరిచ్ఛేదము, ఎలక్ట్రానికు పత్రమునకు దాని యజమాని సంతకముతోపాటు నిపుణుని సంతకము గూడ కోరుచున్నది. ఒక సెల్‌ఫోను చిత్రమునకే ఇంత విచారణ యున్నప్పుడు, ఒక మండలము భాగ్యమును తేల్చు ఆకాశచిత్రమునకు విచారణ వలదా? ఎవరు ప్రశ్నింతురు? మన రైతునకు చేను తెలియును గాని చిత్రము తెలియదు. రాజధానిలోని నిపుణునకు చిత్రము తెలియును గాని చేను తెలియదు. రెండును తెలిసినవాడు పుట్టినపుడే విచారణ పుట్టును. అట్టివారిని మనము తయారుచేయవలెననుటయే ఈ వ్యాసము సారాంశము.

కొలిచినవాని చేతిలోనే అధికారముండుననుట దత్తమండలములవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీకి ధారవోసిన పిమ్మట మన్రో దొర వచ్చి పొలము పొలమునకు గొలుసు పట్టించి, శిస్తు కట్టించెను. అదే కాలమున మెకంజీ దొర శాసనములు, కైఫీయతులు, పటములు సేకరించెను. ఆయనకు కన్నులు, చెవులు, నాలుకయు నైనవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. 1821లో మెకంజీ మరణించిన పిమ్మట ఆ పనిని తాను సాగింతునని లక్ష్మయ్య కోరగా, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అది దేశీయునకు శక్యము కాదని త్రోసిపుచ్చిరి. ఊరూర తిరిగి సామగ్రి కూర్చుటకు తెలుగువాడు తగును. దానికి అర్థము చెప్పుటకు తగడు! ఇది 1830ల నాటి తీర్పు. నేటి చిత్రశాస్త్రమునందు మన బిడ్డలు చిత్రములపై గీతలు గీచి గుర్తులు పెట్టు కూలికి మాత్రమే కుదురుకొని, అర్థము చెప్పుపని ఇతరులకు వదలినచో ఆ తీర్పును మనమే స్థిరపరచినవారమగుదుము.

మనకు శక్తి లేదనువారు హైదరాబాదు చరిత్రను చూడవలెను. నవాబు జఫర్ జంగు 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల, 1908లో ప్రభుత్వము వశమై, ఆకాశమునంతటిని ఛాయాపటములలోనికి ఎక్కించు సార్వదేశిక మహాకార్యములో పాలుగొన్నది. ఆ కార్యము 1887లో పారిసునందు సంకల్పింపబడినది. పోకాక్ దొర 1918లో మరణించిన పిమ్మట టి. పి. భాస్కరన్ గారు వేధశాల భారము వహించిరి. గాజుపలకలపై పడిన నక్షత్రముల స్థానములను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా కొలిచి, ఏడులక్షలకు పైబడిన తారలను పట్టికలకెక్కించిరి. పని మందకొడిది, కీర్తి కానరాదు. కాని 1989లో ఐరోపావారి హిప్పార్కస్ ఉపగ్రహము నక్షత్రములను క్రొత్తగా కొలిచినపుడు, అవి ఈ శతాబ్దములో ఎంత కదలినవో తెలిసికొనుటకు పాతకొలతలు కావలసి వచ్చినవి. ఆ పాతపట్టికలను వెలికితీసి 2000లో వెలువడిన టైకో-2 అను మహాపట్టికకు వానిని ఆధారము చేసికొనిరి. బేగంపేటలో దీపము క్రింద కూర్చుండి కొలిచినవారి శ్రమ మూడుతరముల తరువాత లోకమునకు అక్కరకు వచ్చినది. చిత్రమును నిజాయితీగా చదువుట యనగా నిది.

అంకెలకు అర్థము చెప్పుటలో మనవాడు లోకమునకే గురువైన కథయు దూరమునది కాదు. 1920 సెప్టెంబరు 10న కల్యంపూడి రాధాకృష్ణరావు గారు జన్మించిన హడగలి, నాటి బళ్లారి జిల్లాలోనిదే. 1882 వరకు మన అనంతపురమును ఆ జిల్లాలోని భాగమే కదా! ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. చదివి, ఉద్యోగమునకై కలకత్తా పోయి, 1941లో మహలనోబీసు గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునందు శిక్షణకు చేరిరి. 1945లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఒక వ్యాసము ప్రకటించిరి. ఉన్న దత్తాంశము నుండి ఎంత నేర్పరియైనను ఇంతకు మించిన కచ్చితత్వము రాబట్టజాలడు అను హద్దును అందు గణితముతో నిరూపించిరి. పిమ్మట కేంబ్రిడ్జి ప్రదర్శనశాలలో, సూడాను దేశమున త్రవ్వితీసిన ప్రాచీనాస్థికల కొలతలను విశ్లేషించి 1948లో డాక్టరు పట్టము గొనిరి. 2023లో, 102 ఏండ్ల వయస్సున, అంతర్జాతీయ సాంఖ్యక బహుమానమంది, అదే సంవత్సరము ఆగస్టు 22న పరమపదించిరి.

ఆయన నేర్పిన నీతి మన కరవు లెక్కలకు చాల అవసరము. ఏ అంచనాకైనను దోషపరిమాణము చెప్పవలెను. ‘ఈ మండలమున పైరు నూటికి అరువది పాళ్లు బాగున్నది’ అనుట శాస్త్రము కాదు. ‘ఇది ఇంత హెచ్చుతగ్గులలో నిజము’ అనుట శాస్త్రము. దోషము చెప్పని అంకె అధికారుల చేతిలో ఆజ్ఞయగును. దోషము చెప్పిన అంకె పౌరుల చేతిలో వాదమగును.

చిత్రములు తీయుటలో మన దేశము స్వరాజ్యము సంపాదించినది. 1970లో పిషారోటి గారు కేరళలో కొబ్బరితోటల తెగులును హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముపై చిత్రించిరి. 1974లో హైదరాబాదున నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడినది. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ సోవియట్ రాకెట్టుపై ఎగసినది. 1994 అక్టోబరులో అట్టి ఉపగ్రహమునే మన రాకెట్టు శ్రీహరికోట నుండి మోసికొనిపోయినది. 1989 నుండి దేశపు కరవును ఉపగ్రహములతో కనిపెట్టు ఏర్పాటు మన హైదరాబాదునందే ప్రారంభమైనది; 2012లో ఢిల్లీయందు స్థాపింపబడిన జాతీయ పంట అంచనాల కేంద్రమునకు ఆ భారము సంక్రమించినది. ఆ కేంద్రమునకు మహలనోబీసు గారి పేరే పెట్టిరి. ఇంతవరకు మేలు. కాని చిత్రము చదువు నేర్పు కొన్ని నగరములలోని కొన్ని భవనములకు పరిమితమైనంతకాలము ఈ స్వరాజ్యము సగమే.

చిత్రములు దొరకవను సాకు నేడు లేదు. అమెరికావారి లాండ్‌శాట్ చిత్రములు 2008 నుండి ఎల్లరకు ఉచితము. 2009లో మనవారు భువన్‌ను తెరచిరి. 2015, 2017 సంవత్సరములలో ఐరోపావారు పంపిన సెంటినెల్ ఉపగ్రహములు 10 మీటర్ల చుక్కలతో అయిదుదినములకొకమారు మన పొలములను చిత్రించి, ఊరకే పంచిపెట్టుచున్నవి. డెహ్రాడూనునందలి రిమోట్ సెన్సింగు విద్యాలయము 2007 నుండి దూరవిద్యగా పాఠములు చెప్పుచున్నది. విడపనకల్లులో ఒక కంప్యూటరు, ఒక తీగ, ఓపిక గల యువతియో యువకుడో యున్నచో పని మొదలిడవచ్చును.

ఇక తల్లిదండ్రుల ఆక్షేపణ. ‘కోటివిద్యలు కూటికొరకే, ఈ పరిశోధన కూడు పెట్టునా?’ అని వారడుగుదురు. కరవుసీమ తండ్రి అడుగదగిన ప్రశ్నయే, తేలికగా త్రోసివేయరాదు. భౌతికము, సాంఖ్యకము, భూగర్భము, వ్యవసాయము, కంప్యూటరు వీనిలో దేనియందైనను ఎం.ఎస్‌సి. గాని ఎం.టెక్. గాని ముగించి, నెట్ పరీక్షయందు పరిశోధనవృత్తి గెలిచినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల పిమ్మట 42,000 రూపాయలు నిర్ణయింపబడినవి. విద్యయొకటే గాని, పని దొరకు చోట్లు పెక్కు. చిత్రమునుండి అంకె తీసి అర్థము చెప్పగలవానికి హైదరాబాదు రిమోట్ సెన్సింగు కేంద్రము ఒక చోటు. తిరుపతి చెంత గాదంకిలో రాడారుతో వాతావరణమును పరిశోధించు సంస్థ ఒక చోటు. కణములను చిత్రించు సి.సి.ఎం.బి. ఒక చోటు, కంటిపొరల చిత్రములు పరీక్షించు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ ఒక చోటు. ఆకును చదివిన చేయి కన్నును చదువగలదు.

చేదునిజమును గూడ చెప్పవలెను. డాక్టరు పట్టమునకు అయిదారేండ్లు పట్టును. తరువాతి ఉద్యోగములు పెక్కు తాత్కాలికములు. వేతనము సకాలమున చేతికి రాక అప్పు చేసి బ్రతుకు పరిశోధకులు దేశమున గలరు. సేద్యపు ఆదాయము వానపై నాధారపడిన యింటివాడు నాలుగునెలలు జీతము లేక నిలువజాలడు. వాడు చదువు విడిచి నగరమున దొరికిన కొలువులో చేరును. నిలువగలవాడు కలిగినవాని కుమారుడే. అందుచే ఈ శాస్త్రము పేదసీమలకు దూరమగుచున్నది. ఇది మేధస్సు లోపము కాదు, ఏర్పాటు లోపము.

మరియొక ఆక్షేపణ. ‘యంత్రమే చిత్రములను చదువుచున్నదట, మనుజునితో పనియేమి?’ యంత్రము తానుగా నేదియు నెరుగదు. ‘ఇది శనగ, ఇది పత్తి, ఇది బీడు’ అని మనుష్యుడు వేలసార్లు చూపినపిమ్మట అది పోలిక పట్టును. పంజాబు గోధుమను చూపి నేర్పిన యంత్రము విడపనకల్లు శనగను ఏమని తెలిసికొనగలదు? చేని గట్టున నిలిచి నిజమును వ్రాసిపెట్టినవాడు లేనిచో యంత్రము తప్పును వేగముగా చేయును, అంతే.

కాబట్టి చేయవలసిన పనులు కొన్ని విన్నవించుచున్నాను. ప్రతి మండలమున పఠనమందిరమువారు ఒక పంటల దినచర్య పుస్తకము పెట్టవలెను. ఏ సర్వే నంబరున ఏ దినమున విత్తిరి, ఎన్నడు వాన కురిసెను, ఎన్నడు పూసెను, ఎకరమునకు ఎన్ని బస్తాలు వచ్చెను అని వ్రాయవలెను. మూడేండ్లు వ్రాసినచో అది ఏ పరిశోధకుడైనను వెదకికొని వచ్చు నిధియగును; ఏ న్యాయస్థానమునందైనను ఉపయోగపడు సాక్ష్యమగును. రెండవది, ఉన్నతపాఠశాలలలోను జూనియరు కళాశాలలలోను విద్యార్థులు తమ ఊరి చిత్రమును ఖరీఫు పొడవునను చూచి, చేలతో పోల్చు పాఠము వారమునకొక గంట యుండవలెను. మూడవది, అనంతపురమునందలి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము, కేంద్రీయ విశ్వవిద్యాలయము కరవుచిత్రముల పరిశోధనకు ప్రత్యేకవృత్తులను కల్పించి, నెలనెల తప్పక చెల్లింపవలెను. మూడు విశ్వవిద్యాలయములుండియు ఈ జిల్లా కరవును ఈ జిల్లావారు పరిశోధింపకున్నచో, పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెతను మనమే నిజము చేసినవారమగుదుము. నాలుగవది ప్రభుత్వమునకు. కరవు నిర్ణయమునకును బీమాకును వాడిన చిత్రములను, లెక్కించిన పద్ధతిని, దోషపరిమాణమును గ్రామముల వారీగా ప్రకటింపవలెను. రైతు డబ్బు కోరుటకు ముందు లెక్క కోరుట అతని హక్కు.

యువజనులారా! మీ తాతలు గొలుసు కొలతను అర్థము చేసికొనలేక హెచ్చుశిస్తు కట్టిరి. మీ తండ్రులు అడంగలులోని వ్రాతను ప్రశ్నింపలేక కచ్చేరి అరుగులమీద దినములు గడపిరి. మీ కాలమున చిత్రము వచ్చినది. ఇది గొలుసు కంటెను, అడంగలు కంటెను సూక్ష్మమైనది. తప్పు చేసినచో అంత కఠినమైనది. కాని ఆ రెండింటికిని లేని సుగుణమొకటి దీనికి గలదు. ఇది ఎల్లరకు తెరచియున్నది. చదువ నేర్చినవాడు ప్రశ్నింపగలడు. విడపనకల్లు పాఠశాలలో నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలికయే పదియేను సంవత్సరముల తరువాత ఢిల్లీలో కరవుచిత్రము ముందు కూర్చుండి, ‘ఈ పచ్చదనము పంట కాదు, సర్కారు తుమ్మ’ యని చెప్పగలిగిననాడు మన సీమకు న్యాయము జరుగుట మొదలగును. ఆమెకు కావలసిన పుస్తకములు, వేతనము, ప్రోత్సాహము సమకూర్చుట నేటి పెద్దల విధి.